డిటర్మినర్స్ అంటే ఏంటి, ఎ, ద ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? (తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళ కోసం)

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మెయిల్ రాసిన ప్రతిసారీ మీ లీడ్ ఒకచోట ద పెడతాడు, ఇంకోచోట ద తీసేస్తాడు, ఎందుకో చెప్పడు. వెతికితే వీటిని డిటర్మినర్స్ అంటారని తెలిసింది. అవి ఆర్టికల్సా, అడ్జెక్టివ్సా, ఎక్కడ ఏది పెట్టాలి, ఎక్కడ ఏమీ పెట్టకూడదు, తెలుగులో ఇవి లేవు కాబట్టే మనకి రావా అని అడిగారు. మీ మెయిల్ ముక్క కూడా ఇక్కడ దింపుకుంటున్నా, చివర్లో దాని సంగతి చూద్దాం:

"క్లయింట్ ఈజ్ ఫేసింగ్ ద ఇష్యూ ఇన్ లాగిన్ పేజ్. ఐ నీడ్ ఫ్యూ ఇన్ఫర్మేషన్స్ ఫ్రమ్ దెమ్. వన్ ఆఫ్ మై టీమ్ మెంబర్ విల్ చెక్ దిస్ లాగ్స్."

నేను జడ్పీ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పడం మొదలుపెట్టి 24 ఏళ్ళు. మా పిల్లలందరూ ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు, నేనూ తెలుగు మీడియంలోనే చదివాను. ఇంగ్లీష్ ముక్కలన్నీ కావాలనే తెలుగు లిపిలో రాస్తున్నా, బయటికి చదువుకోండి. అలా రాయడం వల్ల ఒక లాభం కూడా ఉంది, అది కింద చెప్తా.

సూటిగా జవాబు ముందు. నామవాచకం ముందు నిలబడి అది ఏది, ఎవరిది, ఎన్ని, ఎంత అనే సంగతి తేల్చే మాటే డిటర్మినర్. ఎ, యాన్, ద అనే ఆర్టికల్స్ అందులో ఒక చిన్న గుంపు మాత్రమే. దిస్, దట్, దీజ్, దోజ్ ఇంకో గుంపు, మై, యువర్, హిజ్, హర్, అవర్, దెయిర్ ఇంకోటి, సమ్, ఎనీ, నో, ఈచ్, ఎవ్రీ, మచ్, మెనీ, ఫ్యూ, లిటిల్, ఆల్, బోత్, అంకెలు, విచ్, హూజ్, ఇవన్నీ అదే కులం. ఇక ఎ పెట్టాలా ద పెట్టాలా అనేది మీకు తెలిసిన దాన్ని బట్టి కాదు, వినేవాడికి అది ఏదో తెలుసా లేదా అన్నదాన్ని బట్టి. తెలుగులో ఇవి లేవనుకోవడం పొరపాటండి, మనం ఈ పని రోజూ చేస్తున్నాం, వేరే పద్ధతిలో చేస్తున్నాం, అంతే.

అడ్జెక్టివ్సా అన్నారు కదా. పాత గ్రామర్ పుస్తకాలు వీటిని అడ్జెక్టివ్స్ కిందే వేశాయి, పొసెసివ్ అడ్జెక్టివ్, డిమాన్‌స్ట్రేటివ్ అడ్జెక్టివ్ అని మనం బట్టీ పట్టింది అదే. 1933లో బ్లూమ్‌ఫీల్డ్ అనే భాషాశాస్త్రవేత్త డిటర్మినర్ అనే పేరు వాడాడు, తర్వాత వచ్చిన పెద్ద వ్యాకరణాలు చాలావరకు వీటిని వేరే గుంపుగానే చూశాయి. వేరు చేయడానికి గట్టి కారణమే ఉంది. అడ్జెక్టివ్స్ ఎన్నయినా వరసగా పేర్చొచ్చు, "ఎ బిగ్ ఓల్డ్ రెడ్ బస్" అనొచ్చు, డిటర్మినర్స్‌ని అలా ఇష్టమొచ్చినట్టు పేర్చలేం, "ద మై బస్" అనకూడదు. బిగ్ ముందు వెరీ పెట్టి వెరీ బిగ్ అంటాం, వెరీ మై అనం. అడ్జెక్టివ్ లేకపోయినా వాక్యం నిలబడుతుంది, డిటర్మినర్ లేకపోతే చాలాచోట్ల పడిపోతుంది. మీ మెయిల్‌లో మొదటి మాటే అలా పడిపోయింది.

ఇప్పుడు తెలుగు సంగతి. పదో తరగతిలో త్రికసంధి చదివే ఉంటారు, ఆ, ఈ, ఏ అనేవి త్రికాలు, ఆ ప్లస్ కాలం అక్కాలం అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఈ మూడు మాటలంటే ఏంటండి, దట్, దిస్, విచ్. అచ్చమైన డిటర్మినర్స్. పైగా ఇంగ్లీష్ కంటే మనది ఇంకా శుభ్రంగా ఉంటుంది. ఇంగ్లీష్‌లో "దిస్ బుక్" అన్నా "దిస్ ఈజ్ ఎ బుక్" అన్నా ఒకటే దిస్, మనకి "ఈ పుస్తకం" వేరు, "ఇది పుస్తకం" వేరు. ఈ అంటే డిటర్మినర్, ఇది అంటే ప్రొనౌన్. నా, నాది కూడా అంతే, మై, మైన్ లాగే. ఎప్పుడైనా "దిస్ బుక్ ఈజ్ మై" అనాలో "మైన్" అనాలో తట్టకపోతే తెలుగులో అనుకోండి, "ఈ పుస్తకం నా" అని ఎవరూ అనరు కదా.

కాకపోతే త్రికాల దగ్గరే ఒక గొయ్యి ఉంది. మన ఈ, ఆ ఏకవచనానికీ బహువచనానికీ మారవు. ఈ పుస్తకం, ఈ పుస్తకాలు, రెండింటికీ ఈ అనే ఒక్క అక్షరం. ఇంగ్లీష్‌లో అది మారుతుంది, దిస్ బుక్, దీజ్ బుక్స్. మీరు "దిస్ లాగ్స్" అని రాయడానికి కారణం అదే, మనసులో "ఈ లాగ్స్" అనుకుని ఈకి దిస్ పెట్టేశారు. ఇది మీ ఒక్కరిదే కాదండి, నా దగ్గర చదివిన ప్రతి బ్యాచ్‌లోనూ ఉంది.

ఇక ఎ, ద. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, అసలు కిటుకు అంతా ఇక్కడే ఉంది.

ఈ రెండు వాక్యాలు గట్టిగా చదివి తేడా వినండి. "బల్ల మీద పుస్తకం ఉంది." "పుస్తకం బల్ల మీద ఉంది." మాటలు అవే, కానీ మొదటిది, బల్ల మీద ఏముంది అంటే చెప్పే జవాబు. రెండోది, పుస్తకం ఎక్కడ పెట్టావు అంటే చెప్పే జవాబు. మొదటిదాంట్లో పుస్తకం వినేవాడికి కొత్త, రెండోదాంట్లో ఆ పుస్తకం గురించి ఇద్దరికీ ముందే తెలుసు. ఇంగ్లీష్‌లో మొదటిది "దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్", రెండోది "ద బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్". చూశారా, ఇంగ్లీష్ వాడు ఎ, ద పెట్టి చెప్పేది మనం మాటల వరస మార్చి చెప్తున్నాం. తెలుగు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ తేడా చెవికి తెలుసు, మీకు కూడా తెలుసు, దాన్ని ఇంగ్లీష్ వైపు తిప్పుకోవడమే మిగిలింది.

ఇంకో గుర్తు ఉంది, ని, ను ప్రత్యయం. "నిన్న పుస్తకం చదివాను" అంటే ఏదో ఒక పుస్తకం. "నిన్న పుస్తకాన్ని చదివాను" అనగానే, ఏ పుస్తకం, ఇందాక అనుకున్నదేనా అనిపిస్తుంది. ని తగిలితే చాలాసార్లు ద వస్తుంది. ఇది ప్రాణం లేని వస్తువులకే పనికొస్తుంది, మనుషుల దగ్గర పనికిరాదు, ఎందుకంటే "అబ్బాయిని చూశాను" అని తెలిసినా తెలియకపోయినా ని పెట్టాల్సిందే. మనుషులకైతే మన నోట్లో "ఒక", "ఎవరో" అనే మాట వస్తుందేమో చూసుకోండి. "ఒకాయన మీకోసం వచ్చాడు" అంటే "ఎ మ్యాన్", "ఆయన మళ్ళీ వచ్చాడు" అంటే వినేవాడికి తెలిసినవాడు.

ఇంకా చెప్పాలంటే ఇంగ్లీష్ వాళ్ళ ఎ, ద కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. యాన్ అనేది వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీష్‌లో ఒకటి అనే అంకె, వన్ అన్న మాటా అదీ ఒకే మొక్క. ద అనేది దట్ కుటుంబానిది. అంటే వాళ్ళు కూడా ఒక, ఆ అనే మాటలతోనే మొదలుపెట్టారు, అవి వాడీ వాడీ అరిగిపోయి తప్పనిసరి అయ్యాయి. మనం మాత్రం ఒక, ఆ అనేవి అవసరమైనప్పుడే వాడతాం. కాబట్టి ఎ ఉన్న ప్రతిచోటా ఒక, ద ఉన్న ప్రతిచోటా ఆ అని అనువాదం చేయకండి, "నేను ఒక టీచర్‌ని, ఒక మంచి ఊళ్ళో ఉంటాను" అంటే తెలుగు తెలుగులా ఉండదు. వెనక ఉన్న ఆలోచన మాత్రం అదే.

క్లాసులో నేను దీన్ని చాక్‌పీసులతో చెప్తాను. టేబుల్ మీద డబ్బా నిండా తెల్ల చాక్‌పీసులు పెట్టి ఒక పిల్లని పిలిచి "గివ్ మి ద చాక్‌పీస్" అంటా. ఆ పిల్ల డబ్బాలో చెయ్యి పెట్టి ఆగిపోతుంది, నా మొహం చూస్తుంది, ఏ చాక్‌పీస్ టీచర్ అంటుంది. కొన్నేళ్ళ కిందట ఒక పిల్ల అయితే ఒకటి తీసి, మళ్ళీ లోపల పెట్టి, ఇంకోటి తీసి, ఇదా అన్నట్టు పైకెత్తి చూపించింది, ఆ చెయ్యి నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. అప్పుడు డబ్బా తీసేసి ఒకే ఒక్క చాక్‌పీస్ టేబుల్ మీద ఉంచి మళ్ళీ అదే మాట అంటా. ఈసారి ఏది అని అడగదు, తీసి ఇచ్చేస్తుంది. అప్పుడు బోర్డు మీద రాస్తా: ద అన్నాక ఎదుటివాడు "ఏది?" అని అడిగేట్టుంటే అక్కడ ద తప్పు. అడగడనుకుంటే ద కరెక్ట్. పుస్తకంలో ద గురించి పాతిక రూల్స్ ఉంటాయి, వాటిలో చాలావరకు ఈ ఒక్క పరీక్షలో ఇమిడిపోతాయి. ద సన్, ద మూన్ ఎందుకు, ఉన్నది ఒక్కటే కాబట్టి ఏది అని అడగరు. ద ఫస్ట్, ద టాలెస్ట్ ఎందుకు, మొదటిది ఒకటే ఉంటుంది కాబట్టి. ఇంట్లో "ఓపెన్ ద డోర్" అంటే అందరి కళ్ళూ ఒకే తలుపు వైపు తిరుగుతాయి కాబట్టి. మొదటిసారి ఎ, రెండోసారి ద అని చెప్పే రూల్ కూడా ఇదే, మొదటిసారి చెప్పేసరికి వాడికి తెలిసిపోయింది.

ఇప్పుడు మీ మెయిల్ మొదటి వాక్యం. "క్లయింట్" అంటే ఏ క్లయింట్ అని మీ టీమ్‌లో ఎవరూ అడగరు, మీ ప్రాజెక్ట్‌కి ఒక్కరే, కాబట్టి ద క్లయింట్. లాగిన్ పేజ్ కూడా ఒకటే, ద లాగిన్ పేజ్. కానీ ఇష్యూ గురించి మీరు అప్పుడే మొదటిసారి చెప్తున్నారు, ద ఇష్యూ అంటే చదివేవాడు ఏ ఇష్యూ అని వెనక మెయిల్స్ వెతుక్కుంటాడు. అక్కడ యాన్ ఇష్యూ. పెట్టాల్సిన రెండుచోట్ల మీరు ద వదిలేశారు, పెట్టకూడనిచోట పెట్టారు. మీ లీడ్ పెట్టడం, తీయడం ఊరికే కాదు, ఆయన చెవి అలా చెప్తోంది, రూల్‌గా చెప్పడం ఆయనకి రాకపోయి ఉండొచ్చు.

దీంతో పాటే ఇంకో రూల్, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, ఎవరైనా ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తా. ఒకటి, రెండు అని లెక్కపెట్టగలిగే నామవాచకం ఏకవచనంలో ఉంటే, దాని ముందు ఏదో ఒక డిటర్మినర్ ఉండి తీరాలి. ఎ కావచ్చు, ద కావచ్చు, మై కావచ్చు, దిస్ కావచ్చు, ఏదో ఒకటి, బోడిగా మాత్రం వదలకూడదు. "ఐ హావ్ బైక్" కుదరదు, "ఐ హావ్ ఎ బైక్" అనాలి. "మై బ్రదర్ ఈజ్ ఇంజనీర్" కుదరదు, "యాన్ ఇంజనీర్" అనాలి. తెలుగులో "మా తమ్ముడు ఇంజనీరు" అని హాయిగా అంటాం కాబట్టి ఇక్కడ అందరూ జారతారు. మెయిల్ పంపేముందు ప్రతి ఏకవచన నామవాచకం మీదా వేలు పెట్టి దీని ముందు ఏముంది అని చూసుకోండి, ఒక నెల చేస్తే చాలు.

మినహాయింపులు ఉన్నాయి, కొద్దిగానే. బై బస్, బై ట్రైన్, ఎట్ హోమ్, ఇన్ బెడ్, గో టు స్కూల్, గో టు కాలేజ్ లాంటివి. ఇక్కడ బస్ అంటే ఫలానా బస్సు కాదు, ప్రయాణించే విధానం. "పిల్లలు స్కూల్‌కి వెళ్ళారు" అంటే చదువుకోడానికి వెళ్ళారని, "గో టు స్కూల్". పేరెంట్స్ మీటింగ్‌కి మీరు వెళ్తే "ఐ వెంట్ టు ద స్కూల్", ఆ బిల్డింగ్‌కి వెళ్ళారు. ఆస్పత్రి దగ్గర ఇంగ్లండ్ వాళ్ళకీ అమెరికా వాళ్ళకీ తేడా ఉంది, పేషెంట్ అడ్మిట్ అయితే బ్రిటిష్ వాళ్ళు "ఇన్ హాస్పిటల్" అంటారు, అమెరికన్లు "ఇన్ ద హాస్పిటల్" అంటారు. మీ క్లయింట్ అమెరికా వాళ్ళయితే ద పెట్టేయండి.

ఎక్కువ ద పెట్టడం కూడా మనవాళ్ళ జబ్బే. "ద లైఫ్ ఈజ్ డిఫికల్ట్", "ఐ లైక్ ద మ్యూజిక్", "ఐ స్పీక్ ద తెలుగు". మొత్తం మీద జీవితం, మొత్తం మీద సంగీతం గురించి చెప్పేటప్పుడు ఏమీ పెట్టకూడదు, "లైఫ్ ఈజ్ డిఫికల్ట్". భాషల పేర్లకి వద్దు, "ఐ స్పీక్ తెలుగు", కానీ లాంగ్వేజ్ అన్న మాట తగిలిస్తే "ద తెలుగు లాంగ్వేజ్". బ్రేక్‌ఫాస్ట్, లంచ్, డిన్నర్ ముందు మామూలుగా వద్దు. ఆవు వ్యాసం గుర్తుందా, "ఆవు సాధు జంతువు" అని మొదలయ్యేది. అక్కడ ఆవు అంటే మా ఇంటి ఆవు కాదు, ఆవు జాతి మొత్తం. దాన్ని ఇంగ్లీష్‌లో "ఎ కౌ ఈజ్" అనొచ్చు, "ద కౌ ఈజ్" అనొచ్చు, "కౌస్ ఆర్" అనొచ్చు, "కౌ ఈజ్" అని బోడిగా మాత్రం అనకూడదు. మాటల్లో కౌస్ ఆర్ అన్నదే సహజంగా ఉంటుంది.

ఊళ్ళు, నదుల పేర్లు త్వరగా చెప్పేస్తా. నదులకి ద వస్తుంది, ద గోదావరి, ద కృష్ణా. కొల్లేరు లేక్ లాంటి చెరువులకి రాదు. ఒక్క కొండకి రాదు, ఎవరెస్ట్ అంటాం, కొండల వరసకి వస్తుంది, ద హిమాలయాస్, ద ఈస్టర్న్ ఘాట్స్. ఊరు, రాష్ట్రం, దేశం పేర్లకి రాదు, కానీ యునైటెడ్ స్టేట్స్, యూఏఈ, నెదర్లాండ్స్‌కి వస్తుంది. ఇవి వాడుతుంటే అలవాటవుతాయి, కంఠస్థం అక్కర్లేదు.

ఎ, యాన్ గురించి అడగలేదు కానీ ఇందాక తెలుగు లిపిలో లాభం ఉందన్నా కదా, అది ఇదే. ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూసి ఎ, ఇ, ఐ, ఓ, యు ఉంటే యాన్ అని నేర్పిస్తారు, అందుకే పిల్లలు "యాన్ యూనివర్సిటీ" అంటారు. ఆ మాటని తెలుగులో రాసి చూడండి. మొదటి అక్షరం అచ్చు అయితే యాన్, హల్లు అయితే ఎ. యూనివర్సిటీ, మొదట య వచ్చింది, హల్లు, ఎ యూనివర్సిటీ. గంట అనే అవర్, మొదట అ, యాన్ అవర్. ఎమ్మెల్యే, యాన్ ఎమ్మెల్యే. ఎఫ్ఐఆర్, యాన్ ఎఫ్ఐఆర్. ఆర్టీసీ బస్, యాన్ ఆర్టీసీ బస్. యూపీఐ పేమెంట్‌కి ఎ, వన్ రూపీ కాయిన్‌కి ఎ. మనది పలికినట్టు రాసే లిపి కాబట్టి ఇది దాదాపు తప్పదు. ఒక్క జాగ్రత్త, మనం ఎగ్‌ని యెగ్గు అని, ఎస్సైని యస్సై అని పలుకుతాం, పాత బోర్డుల మీద యం.ఎల్.ఏ. అని కూడా రాసి ఉంటుంది, అది మన నాలుక తెచ్చిన య, ఇంగ్లీష్‌లో లేదు. ఇటువైపు ఉమన్ అని పలికేది అసలు వుమన్, ఇయర్ అని పలికే సంవత్సరం అసలు యియర్, కాబట్టి ఎ వుమన్, ఎ యియర్. చెవి అనే ఇయర్‌కి మాత్రం యాన్. ఈ యాన్‌లో న ఇంగ్లీష్ వాళ్ళనే తికమక పెట్టింది, ఇప్పటి ఏప్రన్ ఒకప్పుడు నాప్రన్, "ఎ నాప్రన్" అనేది వినీ వినీ "యాన్ ఏప్రన్" అయిపోయింది.

తర్వాత, ఎన్ని పెట్టొచ్చు అనే సంగతి. ఆర్టీసీ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు ఊహించుకోండి. నడిమి చోటులో ఎ, ద, దిస్, మై, సమ్, ఎనీ, నో, ఈచ్, ఎవ్రీ, వీటిలో ఒక్కరే కూర్చోవాలి. దానికి ముందు చోటులో ఆల్, బోత్, హాఫ్. వెనక చోటులో అంకెలు, మెనీ, ఫ్యూ, ఫస్ట్, లాస్ట్ లాంటివి. "ఆల్ మై త్రీ సిస్టర్స్", మూడు చోట్లూ నిండాయి, బాగుంది. "దిస్ మై ఫ్రెండ్" అంటే నడిమి చోటులో ఇద్దరు, కుదరదు. తెలుగులో "నా ఈ పుస్తకం", "మా ఆ పాత ఇల్లు" అని రెండూ కలిపేస్తాం కాబట్టి మనకి అది తప్పులా అనిపించదు. ఇంగ్లీష్‌లో ఒకదాన్ని వెనక్కి పంపాలి, "దిస్ బుక్ ఆఫ్ మైన్", "ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్". రవీస్ బైక్ అన్నప్పుడు రవీస్ అనేదే నడిమి చోటులో కూర్చుంది, ముందు ద పెట్టకండి. "ద టీచర్స్ బైక్" అంటే తప్పు కాదు, అక్కడ ద టీచర్‌ది, బైక్‌ది కాదు.

మీ మూడో వాక్యంలో "వన్ ఆఫ్ మై టీమ్ మెంబర్" అన్నారు. ఇది ఎంతమంది నోట వింటానో. మనం "నా ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు" అంటాం, దాన్నే వన్ ఆఫ్ మై ఫ్రెండ్ అని తిప్పుతాం. దానికి బదులు "నా ఫ్రెండ్స్‌లో ఒకడు" అని అనుకోండి, లో అనగానే ఫ్రెండ్స్ బహువచనం దానంతటదే వచ్చేస్తుంది. వన్ ఆఫ్ అంటే గుంపులోంచి ఒకటి, గుంపు ఎప్పుడూ బహువచనమే. ఎవ్రీ, ఈచ్ దీనికి ఎదురు, ప్రతి విద్యార్థి అని ఏకవచనం అంటాం కదా, "ఎవ్రీ స్టూడెంట్". విద్యార్థులందరూ అంటే "ఆల్ ద స్టూడెంట్స్". ఇక్కడ తెలుగు, ఇంగ్లీష్ ఒకే దారి.

ఇక మచ్, మెనీ. వీటికి కూడా తెలుగులో మంచి కొలబద్ద ఉంది. ఎంత అని అడిగితే మచ్, ఎన్ని అని అడిగితే మెనీ, ఎంతమంది అన్నా మెనీ. ఎంత టైం, హౌ మచ్ టైం. ఎన్ని రోజులు, హౌ మెనీ డేస్. సమాచారం ఎంత అంటాం, ఎన్ని సమాచారాలు అనం, అందుకే ఇన్ఫర్మేషన్‌కి ఎస్ రాదు, మీ "ఇన్ఫర్మేషన్స్" తప్పని మీ తెలుగే చెప్తోంది. కానీ ఈ కొలబద్ద కొన్నిచోట్ల మోసం చేస్తుంది, ఈ మాటలు విడిగా రాసి పెట్టుకోండి. నీళ్ళు, పాలు, బియ్యం మనకి బహువచనాలు, "పాలు ఉన్నాయా", "ఎన్ని నీళ్ళు పొయ్యాలి" అంటాం, ఇంగ్లీష్‌లో ఇవి లెక్కకి రానివి, హౌ మచ్ వాటర్. సలహాలు రెండు మూడు ఇస్తాం, వార్తలు చదువుతాం, సామాన్లు మోస్తాం, కానీ అడ్వైస్, న్యూస్, లగేజ్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, హోంవర్క్ ఇవేవీ ఇంగ్లీష్‌లో లెక్కపెట్టరు. వీటి ముందు ఎ కూడా రాదు. మీ ఫీల్డ్‌లో రోజూ వినేది "ఎ సాఫ్ట్‌వేర్", అదీ తప్పే, "సమ్ సాఫ్ట్‌వేర్" అనండి, ఒకటే అని చెప్పాలంటే "ఎ పీస్ ఆఫ్ సాఫ్ట్‌వేర్" అనండి.

ఫ్యూ గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా స్కూల్ గురించి పై ఆఫీసుకి పంపే రిపోర్ట్ నన్ను రాయమన్నారు. పదో తరగతిలో కొంతమంది పిల్లలు ఇంగ్లీష్ బాగా రాస్తున్నారని చెప్పాలని "ఫ్యూ స్టూడెంట్స్ రైట్ వెల్" అని రాశాను. తనిఖీకి వచ్చిన ఆఫీసర్ అది పట్టుకుని, ఇంత పెద్ద క్లాసులో రాసేవాళ్ళే లేరా, మీరేం చెప్తున్నారమ్మా అని అందరి ముందు అడిగారు. ఆ పిల్లలు నిజంగా కష్టపడి రాసేవాళ్ళు. నేను వదిలేసిన ఒక్క ఎ వల్ల వాళ్ళ కష్టం కాగితం మీద కనపడకుండా పోయింది, అది నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది. ఎ ఫ్యూ అంటే కొంతమంది ఉన్నారు. ఫ్యూ అంటే పెద్దగా ఎవరూ లేరు. ఎ లిటిల్, లిటిల్ కూడా అంతే. "ఐ హావ్ ఎ లిటిల్ టైం" అంటే కొంచెం టైం ఉంది కూర్చోండి, "ఐ హావ్ లిటిల్ టైం" అంటే టైం లేదు వెళ్ళండి. తెలుగులో "కొద్దిమంది వచ్చారు", "కొద్దిమందే వచ్చారు", ఆ చివరి ఏ తెచ్చే తేడా ఎంతో, ఇంగ్లీష్‌లో ఎ తీసేస్తే వచ్చే తేడా అంత.

సమ్, ఎనీ. అవునన్న వాక్యంలో సమ్, కాదన్న వాక్యంలో, ప్రశ్నలో ఎనీ అని చెప్తారు, అది ముప్పాతిక వరకు నిజం. కానీ మర్యాదగా ఇచ్చేటప్పుడు, అడిగేటప్పుడు ప్రశ్నలో కూడా సమ్ వస్తుంది, "వుడ్ యు లైక్ సమ్ టీ". అవునన్న వాక్యంలో ఎనీ వస్తే ఏదైనా సరే అని అర్థం, "టేక్ ఎనీ సీట్".

మై, అవర్ దగ్గర రెండు మాటలు. మనం మా అమ్మ, మా ఇల్లు, మా ఊరు అంటాం, నా అమ్మ అంటే తెలుగులో ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీష్‌లో ఒక్కరే మాట్లాడుతుంటే "మై మదర్", "మై హౌస్", "అవర్ మదర్" అంటే అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. రెండోది, ఒంటి భాగాలకి మనం ఏమీ పెట్టం. "చేతులు కడుక్కున్నా", ఎవరి చేతులో చెప్పక్కర్లేదు, కడుక్కున్నా అనడంలోనే ఉంది. ఇంగ్లీష్‌లో "ఐ వాష్డ్ మై హ్యాండ్స్", "హి బ్రోక్ హిజ్ లెగ్" అని మై, హిజ్ ఉండాల్సిందే.

మీ మెయిల్‌కి వద్దాం. రెండో వాక్యంలో "ఫ్యూ ఇన్ఫర్మేషన్స్", ఇన్ఫర్మేషన్ లెక్కకి రాదు కాబట్టి ఫ్యూ రాదు, "సమ్ ఇన్ఫర్మేషన్" సరిపోతుంది. మొత్తం ఇలా అవుతుంది:

"ద క్లయింట్ ఈజ్ ఫేసింగ్ యాన్ ఇష్యూ ఆన్ ద లాగిన్ పేజ్. ఐ నీడ్ సమ్ ఇన్ఫర్మేషన్ ఫ్రమ్ దెమ్. వన్ ఆఫ్ మై టీమ్ మెంబర్స్ విల్ చెక్ దీజ్ లాగ్స్."

పేజ్ ముందు ఇన్ తీసి ఆన్ పెట్టాను, అది డిటర్మినర్ సంగతి కాదు, ప్రిపొజిషన్. దీజ్ లాగ్స్ అన్నది ఆ మెయిల్‌కి లాగ్స్ జత చేసి ఉంటేనే, చేయకపోతే చదివేవాడు ఏవి అని అడుగుతాడు, అప్పుడు "ద లాగ్స్" మేలు. అలాగే యాన్ ఇష్యూ అని మార్చాను కానీ, ముందు రోజు మీటింగ్‌లో ఈ ఇష్యూ గురించే మాట్లాడుకుని ఉంటే మీరు రాసిన ద ఇష్యూనే కరెక్ట్, నాది తప్పవుతుంది. అది నాకు తెలియదు, మీకూ మీ లీడ్‌కీ తెలుసు. ఈసారి ఆయన ద కొట్టేస్తే, ఈ ఇష్యూ సంగతి చదివేవాళ్ళకి ముందే తెలుసా సార్ అని అడిగి చూడండి, ఆయన చెప్పే జవాబులోనే ఎ పెట్టాలో ద పెట్టాలో తేలిపోతుంది. ఇంకో రెండు మెయిల్స్ ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి, వీలు చూసుకుని దిద్ది పెడతా.